శృంగారం ఎక్కడ, అనుకరణ ఎక్కడ?
(ఇద్దరు స్త్రీల ప్రేమ – హాస్యచిత్రం)

హాస్యాన్ని చిన్నచూపు చూడడం మన విమర్శకు పాత అలవాటు. కన్నీటితో ముగిసిన కథను వాస్తవికమంటాం. నవ్వుతో ముగిసినదాన్ని కాలక్షేపమంటాం. ఆధునిక తెలుగు సాహిత్యానికి పునాదిరాళ్ళలో ఒకటైన 'కన్యాశుల్కం' నవ్విస్తూనే ఒక దురాచారాన్ని చీల్చి చెండాడిందని తరగతి గదిలో పాఠం చెబుతాం గాని, కొత్తగా వచ్చిన కృతిని తూచవలసి వచ్చినప్పుడు ఆ సంగతి మరచిపోతాం. ఈ అలవాటువల్ల జరిగే నష్టం ఏపాటిదో తెలియాలంటే, ఇద్దరు స్త్రీల మధ్య ప్రేమను తేలికైన హాస్యంతో చెప్పిన సినిమాలను కాస్త నిదానంగా పరిశీలించాలి.

ఇటువంటివి మన దేశంలో వేళ్ళమీద లెక్కపెట్టదగినన్నే వున్నాయి. హిందీలో 2019 ఫిబ్రవరిలో 'ఏక్ లడ్కీ కో దేఖా తో ఐసా లగా', 2022 ఫిబ్రవరిలో 'బధాయి దో' వచ్చాయి. వాటికి ముందే, 2018 ఫిబ్రవరిలో, తెలుగులో వచ్చిన 'అ!' చిత్రంలో ఒక భాగం ఈ కోవకు చెందినదే. లెస్బియన్ అనే మాట తమ ఇంట్లో ఎన్నడూ వినపడని ప్రేక్షకులు కూడా వీటిని చూసి సంతోషించారు. ఎందుకు? కొత్తదనంవల్ల అని కొందరి సమాధానం. కాని కొత్తదనం ఒకసారికి మించి నవ్వించదు. లోతు లేదు కనుక సులభంగా గొంతు దిగిందని మరికొందరి సమాధానం. ఈ రెండవ సమాధానం వెనుకనే నేను పైన చెప్పిన అలవాటు దాగి వుంది. అసలు కారణం వేరు. అది హాస్యరసం స్వభావంలోనే వుంది.

అంతకుముందు ఈ ప్రేమ భారతీయ సినిమాలోకి ఏ రూపంలో వచ్చిందో గుర్తుచేసుకోవాలి. 1986లో పద్మరాజన్ మలయాళంలో తీసిన 'దేశాటనక్కిళి కరయారిల్ల'లో ఇద్దరు బడిపిల్లలు ఇల్లూ బడీ విడిచి పారిపోతారు. చివరికి ప్రాణాలు తీసుకుంటారు. వారి అనుబంధానికి దర్శకుడు పేరు పెట్టలేదు. 1998లో దీపా మెహతా 'ఫైర్' మన దేశంలో విడుదలైంది. రాధ, సీత అనే ఇద్దరు తోటికోడళ్ళ కథ అది. ఆ డిసెంబరులో ముంబాయిలోనూ ఢిల్లీలోనూ థియేటర్లమీద దాడులు జరిగాయి. ఆ కథలో కూడా, రాధ చీరకు నిప్పంటుకున్న తరువాతగాని ఆ ఇద్దరూ ఒకచోట చేరలేకపోతారు.

ఇవి విలువైన చిత్రాలే. ఒక తరాన్ని ఆలోచింపజేశాయి. అయినా రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక నియమం కనిపిస్తుంది. చావునో నిప్పునో దాటివస్తే తప్ప ఈ ప్రేమకు తెరమీద చోటు దొరకదు. విషాదం సానుభూతిని సంపాదిస్తుంది, నిజమే. కాని సానుభూతి చచ్చిపోయినవారికి ఇవ్వడం సులభం. బతికి, పక్క వాటాలో అద్దెకు దిగి, ఉదయాన్నే పాలపాకెట్టుకోసం వీధిలోకి వచ్చే ఇద్దరు ఆడవాళ్ళకు ఇవ్వడం కష్టం. విషాదానికి ఆ కష్టం లేదు. హాస్యానికి వుంది.

ఇక హాస్యం సంగతి. శృంగారంనుంచి హాస్యం పుడుతుందన్నాడు భరతుడు. శృంగారానికి అనుకరణే హాస్యమన్నాడు. ఇందులో చాలా సూక్ష్మం వుంది. ప్రేమ వున్నచోట ప్రేమ కనిపిస్తే అది శృంగారం. ప్రేమ లేనిచోట ప్రేమను నటిస్తే, తగనిచోట దాని వేషం కడితే నవ్వు వస్తుంది. ముసలి లుబ్ధావధాన్లు పెళ్ళికొడుకై కూర్చోవడం ఇందుకే నవ్విస్తుంది. కనుక ఏ ప్రేమహాస్యాన్ని చూసినా విమర్శకుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఇందులో శృంగారం ఎక్కడ వుంది, దాని అనుకరణ ఎక్కడ వుంది? దేన్ని అసలుగా నిలిపారు, దేన్ని నకలుగా చూపారు?

ఈ ప్రశ్న వేస్తే మన వ్యాపార సినిమాల హాస్యం గుట్టు బయటపడుతుంది. మగవాడు మరో మగవాడి భుజంమీద చెయ్యివేసి మెలికలు తిరిగితే నవ్వమంటారు. హాస్యనటుడు చీర కట్టుకుని వస్తే, అతని వెంట మరొక మగవాడు పడితే నవ్వమంటారు. అక్కడ స్త్రీపురుషుల జంట ఎంత కృత్రిమంగా వున్నా సరే, అదే అసలు, మిగిలినదంతా నకలు. నవ్వు బలవంతుడి పక్షాన నిలబడి బలహీనుణ్ణి వెక్కిరిస్తుంది. దీన్ని చూసి చూసి, ఈ విషయంలో హాస్యమంటేనే వెక్కిరింత అనుకునే స్థితికి మనం వచ్చాం.

అయితే మన హాస్య సంప్రదాయం ఇంతేనా? కాదు. అందులో 'దొంగపెళ్ళి' అనే మహా బలమైన ఇతివృత్తం వుంది. 1892లో మొదట ప్రదర్శితమై 1909లో తిరగరాసిన రూపంలో మనకు దక్కిన 'కన్యాశుల్కం'లో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు కట్టబెడతాడు. ఒక పసిపిల్ల గొంతు కోయకుండా ఆపడానికి ఆ దొంగపెళ్ళి. 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడు మాయాశశిరేఖయై పెళ్ళిపీటలమీద లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతూ వుంటే, అసలు శశిరేఖకు అభిమన్యుడితో పెళ్ళి మరోచోట జరిగిపోతుంది. పెద్దలు నిశ్చయించిన పెళ్ళి అనుకరణ అయింది. పెద్దలు కాదన్న ప్రేమ శృంగారంగా నిలిచింది. ఈ రెండుచోట్లా నవ్వు అధికారానికి ఎదురు తిరిగింది. తెలుగు ప్రేక్షకుడు దీన్ని తరతరాలుగా ఆనందిస్తూనే వున్నాడు.

'బధాయి దో' చేసిన పని ఇదే. హర్షవర్ధన్ కులకర్ణి దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో సుమి (భూమి పెడ్నేకర్) డెహ్రాడూన్‌లో ఒక బడిలో డ్రిల్లు టీచరు. ముప్పై దాటింది; ఇంట్లో పెళ్ళిగోల. ఆమె ప్రేమించేది స్త్రీలను. శార్దూల్ (రాజ్‌కుమార్ రావు) మహిళా పోలీసు స్టేషనులో పనిచేసే పోలీసు. అతనూ పెళ్ళిగోల పడలేకుండా వున్నాడు. అతను ప్రేమించేది పురుషులను. ఒకరి రహస్యం ఒకరికి తెలుస్తుంది. మనిద్దరం పెళ్ళి చేసుకుంటే రెండిళ్ళవాళ్ళూ నోరు మూసుకుంటారు, ఎవరి బతుకు వాళ్ళు బతకవచ్చు అని శార్దూల్ ప్రతిపాదన. బాజాలు మోగుతాయి, పోలీసు క్వార్టర్సులో కాపురం మొదలవుతుంది. అక్కడికి సుమి ప్రియురాలు, ల్యాబులో పనిచేసే రిమ్‌ఝిమ్ (చుమ్ దరాంగ్) వచ్చి చేరుతుంది.

ఇక నవ్వు ఎక్కడినుంచి పుడుతుందో చూడండి. భార్యాభర్తలుగా నటించవలసి వచ్చినప్పుడల్లా పుడుతుంది. పిల్లలెప్పుడని బంధువులు నిలదీసినప్పుడు, అత్తగారు వచ్చి ఇంట్లో మకాం వేసినప్పుడు, ఇరుగుపొరుగు తొంగిచూసినప్పుడు పుడుతుంది. సుమీ రిమ్‌ఝిమ్‌లు ఒకరినొకరు చూసుకునే ఘట్టాల్లో నవ్వు లేదు. అక్కడ కెమెరా ఏ ప్రేమజంటనైనా చూపినట్టే చూపుతుంది: బెరుకు, అలక, ఒకరికోసం ఒకరు ఎదురుచూడడం. అంటే అనుకరణ దాంపత్యంలో వుంది. శృంగారం ఇద్దరు స్త్రీల మధ్య వుంది. వ్యాపార హాస్యం తలకిందులుగా పెట్టినదాన్ని ఈ చిత్రం మళ్ళీ నిటారుగా నిలబెట్టింది. మాయాబజారులో నవ్విన ప్రేక్షకుడు ఇక్కడ ఏమీ కొత్తగా నేర్చుకోనక్కరలేదు. దొంగపెళ్ళి చూసి నవ్వాలని, అసలు ప్రేమ గెలవాలని కోరుకోవాలని అతనికి ఎప్పుడో తెలుసు. తెలిసిన దారిలో నడుస్తూ నడుస్తూ తెలియని ఇంటిముందు తేలతాడు. అప్పటికే ఆ ఇంటివాళ్ళు అతనికి అయినవాళ్ళయిపోయారు.

ఈ చిత్రాల ఆకర్షణకు మూలం ఇది. ప్రేక్షకుడి అభిప్రాయాన్ని అవి వాదించి మార్చవు. అతని కోరికను తమవైపు తిప్పుకుంటాయి. పెళ్ళి విషయంలో అబద్ధమాడవలసి రావడం మన సమాజంలో అందరికీ అనుభవమే. కట్నం లెక్క దాచినవాళ్ళున్నారు, వయసు తగ్గించి చెప్పినవాళ్ళున్నారు, ఇష్టంలేని కాపురాన్ని నవ్వుముఖంతో బంధువులకు చూపినవాళ్ళున్నారు. ఏ బడి స్టాఫ్‌రూములోనైనా ముప్పై దాటి పెళ్ళికాని టీచరమ్మ వుంటే ఆమెను అడిగే ప్రశ్నలేమిటో టీచర్లందరికీ తెలుసు. సుమి నడిపే అబద్ధం వారందరి అబద్ధానికీ అక్కచెల్లెలు. అందుకే, తన ప్రేమ వేరైనా, ప్రేక్షకురాలు సుమి నవ్వులో తన నవ్వును వింటుంది.

'ఏక్ లడ్కీ' మరొక దారి తొక్కింది. షెల్లీ చోప్రా ధర్ దీనికి దర్శకురాలు. ఉడ్‌హౌస్ 1919లో రాసిన హాస్యనవల 'ఎ డామ్‌సెల్ ఇన్ డిస్ట్రెస్' దీనికి స్ఫూర్తి. ఇల్లు కదలనివ్వని కుటుంబం, అమ్మాయి ప్రేమించినవాడు ఎవరో తెలియక ఇంకెవణ్ణో అనుమానించడం – ఆ పాత యంత్రాంగమే. పంజాబులోని మోగా అనే చిన్న పట్టణంలో స్వీటీ (సోనమ్ కపూర్) ఎవరినో ప్రేమిస్తున్నదని ఇంట్లో తెలుస్తుంది. నాటకాలు రాసే సాహిల్ (రాజ్‌కుమార్ రావు) అనుకుంటారు. నిజానికి ఆమె ప్రేమించినది కుహూను. ఆ పాత్ర ధరించింది తెలుగు ప్రేక్షకులకు బాగా తెలిసిన రెజీనా. దుస్తుల వ్యాపారంలో వున్న తండ్రికి (అనిల్ కపూర్) వంటచేయడం ప్రాణం. అది మగవాడి పని కాదన్నారని దాచుకుంటాడు. ప్రేక్షకుడు ముందు ఈ తండ్రిని చూసి నవ్వుతాడు. ఆ తరువాతే, వంటింటి కోరికను దాచిన తండ్రీ, మనసులోని ప్రేమను దాచిన కూతురూ ఒకే కట్టుబాటుకు కట్టుబడి వున్నారని గ్రహిస్తాడు. స్వీటీ కథనే నాటకంగా ఊరిముందు ఆడడంతో కథ మలుపు తిరుగుతుంది. నాటకం సమాజాన్ని కదిలించగలదని నమ్మిన సంప్రదాయం మనది. దీన్ని మనం తేలికగా కొట్టివేయలేం.

దీని లోపమూ చెప్పుకోవాలి. కథ భారమంతా సాహిల్ భుజాలమీద, తండ్రి కన్నీటిమీద పడింది. కుహూ తెరమీద కనిపించేది కొద్దిసేపే. ఇద్దరు స్త్రీల ప్రేమను ఒక మగవాడు రాసి, మరొక మగవాడు అంగీకరిస్తేగాని అది నెగ్గలేదు. 'బధాయి దో' మూడేళ్ళకు ఈ లోపాన్ని చాలావరకు దిద్దింది.

ఇక మన 'అ!'. నాని నిర్మాతగా, ప్రశాంత్ వర్మ దర్శకుడిగా వచ్చిన ఈ చిత్రంలో రాధ (ఈషా రెబ్బా) తన తల్లిదండ్రులను ఒక రెస్టారెంటుకు తీసుకువస్తుంది. తాను పెళ్ళాడదలచిన క్రిష్‌ను పరిచయం చేస్తానంటుంది. పెద్దలు అల్లుడికోసం ఎదురుచూస్తారు. వచ్చింది కృష్ణవేణి (నిత్యా మేనన్). మన పెళ్ళిచూపుల తంతును ఇంత చమత్కారంగా తిరగవేసిన సన్నివేశం తెలుగులో అరుదు. అడగవలసిన ప్రశ్నలన్నీ పెద్దలు ముందే సిద్ధం చేసుకున్నారు. ఎదుట కూర్చున్న మనిషికి వాటిలో ఒక్కటీ అతకదు. నవ్వు ఆ ప్రశ్నలమీద పుడుతుంది. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షను ఇంకా అమలులో వున్న రోజుల్లో వచ్చిన సన్నివేశమిది. సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది అదే ఏడాది సెప్టెంబరు 6న. ఆ సాహసాన్ని మెచ్చుకోవాలి.

కాని చివరికేమైంది? రాధ, కృష్ణవేణి, తక్కిన పాత్రలు – అందరూ కాజల్ అగర్వాల్ పోషించిన ఒక గాయపడిన స్త్రీ మనసు ముక్కలై పుట్టిన రూపాలని తేలుతుంది. ఆమె చావు వైపు కథ నడుస్తుంది. స్త్రీమీద జరిగే హింసను చెప్పడానికి దర్శకుడు ఎన్నుకున్న శిల్పం అది. దాని బలం దానికి వుంది. అయినా రెస్టారెంటులో మనం నవ్విన నవ్వుకు ఆ ముగింపు చేసిన పని గమనించండి. ఆ ప్రేమ లోకంలో లేదు, ఒక రోగగ్రస్తమైన మనసులో వుందన్నది. అసలు అనుకున్నదాన్ని మళ్ళీ నీడగా మార్చివేసింది.

తెలుగు హాస్యానికి ఇది కొత్త జబ్బు కాదు. 1955లో ఎల్.వి. ప్రసాద్ తీసిన 'మిస్సమ్మ' తలచుకోండి. అది మన దొంగపెళ్ళి కథలన్నిటిలోకీ ముచ్చటైనది. ఉద్యోగంకోసం భార్యాభర్తలుగా నటించే ఇద్దరు నిరుద్యోగులు – అతను హిందువు, ఆమె క్రైస్తవురాలు మేరీ. నటన నిజమవుతుంది. మతాంతర వివాహమనే ప్రశ్న నవ్వుల మధ్య ఎంతో సున్నితంగా ముందుకు వస్తుంది. జవాబు చెప్పవలసిన క్షణంలో, ఆమె మేరీ కాదు, జమీందారుగారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. ప్రశ్న మాయమైంది. ప్రతి ఫిబ్రవరిలో మా గుణదల కొండమీద మేరీమాత తిరునాళ్ళకు వచ్చి కొబ్బరికాయ కొట్టి తలనీలాలిచ్చే హిందువులను చూస్తే, జనం సినిమాకన్న ఎంత ముందున్నారో తెలుస్తుంది. 'మిస్సమ్మ'లో పుట్టుక చేసిన పని 'అ!'లో మానసిక వ్యాధి చేసింది. నవ్వు ఇచ్చినదాన్ని ముగింపు తిరిగి తీసుకున్నది.

'బధాయి దో' తిరిగి తీసుకోలేదు. దొంగపెళ్ళి దొంగపెళ్ళిగానే మిగిలింది. రహస్యం బయటపడింది, సుమి తండ్రి మనసు విరిగింది, ఇళ్ళలో ఏడుపులయ్యాయి. అయినా ఆ జంట పెంపు తెచ్చుకున్న బిడ్డకోసం జరిగే పూజలో రిమ్‌ఝిమ్ ఒక పక్కన నిలబడిపోదు. సుమి పక్కన వచ్చి కూర్చుంటుంది. శార్దూల్ ప్రియుడూ వచ్చి కూర్చుంటాడు. పీటలమీద నలుగురు. నవ్వుతూ చూస్తున్న ప్రేక్షకుడు, కుటుంబమంటే ఏమిటన్న ప్రశ్నకు తనకు తెలియకుండానే ఒక జవాబు ఒప్పుకున్నాడు.

ఇక్కడ అభ్యుదయ విమర్శ లేవనెత్తవలసిన ఆక్షేపణలు లేకపోలేదు. ఈ కథలన్నీ మధ్యతరగతి ఇళ్ళలోనే జరుగుతాయి. క్వార్టర్సు, జీతం, వ్యాపారం వున్నవాళ్ళకే అబద్ధమాడే అవకాశం కూడా వుంటుంది. కూలికి పోయే ఇద్దరు స్త్రీలకు తలుపు వేసుకునే గదే లేనప్పుడు ఈ దొంగపెళ్ళి నాటకం సాధ్యమా? కులం మాట ఈ చిత్రాల్లో గట్టిగా వినిపించదు. మన నేలమీద ఏ ప్రేమకూ కులం అడ్డురాకుండా వుండదు. ఈ ఆక్షేపణలు న్యాయమైనవి. అయితే ఇవి తేలికదనంమీద ఆక్షేపణలు కావు; పరిధిమీద ఆక్షేపణలు. ఆ ఇద్దరు కూలి స్త్రీలకు కూడా, చావుకథ ఒక్కటే రాసిపెట్టి వుండనక్కరలేదు.

పైగా 'బధాయి దో' హాస్యానికి భౌతికమైన పునాది వుంది. ఈ దేశంలో ఇద్దరు స్త్రీలు దంపతులుగా కలిసి బిడ్డను దత్తత తీసుకోలేరు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వలేమన్నది. దత్తత విషయంలోనూ ముగ్గురు న్యాయమూర్తుల మెజారిటీ అంగీకరించలేదు. అందుకే సుమికి కాగితంమీద ఒక మొగుడు కావాలి. చిత్రం వచ్చిన ఏడాదిన్నర తరువాత కూడా చట్టం ఆ దొంగపెళ్ళి అవసరాన్ని అలాగే వుంచింది. నవ్వుతున్నది పాత్రలను చూసి కాదు, ఆ అవసరాన్ని సృష్టించిన వ్యవస్థను చూసి.

ఇదంతా ఎక్కడో డెహ్రాడూన్‌లోనో మోగాలోనో జరిగే సంగతి అనుకోకూడదు. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక హెబియస్ కార్పస్ పిటిషను వచ్చింది. విజయవాడలో కలిసి వుంటున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని తండ్రి తన ఇంట్లో నిర్బంధించాడని రెండవ యువతి కోర్టుకు వెళ్ళింది. ఆమె మేజరని, జీవితం ఎవరితో గడపాలో తేల్చుకునే హక్కు ఆమెదేనని ధర్మాసనం చెప్పింది. ఆ ఇద్దరూ కలిసి బతకడానికి దారి ఇచ్చింది. ఆలోచించండి. ఆ తీర్పు తరువాత వాళ్ళు ఏదో ఒక వీధిలో అద్దె ఇల్లు వెతుక్కుంటారు. ఇంటివాళ్ళు అడుగుతారు, మీ ఇద్దరూ ఏమవుతారని. అక్కచెల్లెళ్ళమనాలా, స్నేహితులమనాలా? కోర్టు ఇచ్చిన హక్కు ఆ గుమ్మందాకానే తోడు వస్తుంది. గుమ్మం లోపల వుండే మనసులను మార్చవలసింది కథ, నాటకం, సినిమా.

ఆ పని తెలుగులో జరగలేదు. రాంగోపాల్ వర్మ 2022లో తెచ్చిన 'మా ఇష్టం' ఇద్దరు స్త్రీల ప్రేమను నేరకథలో పెట్టింది. దాన్ని ప్రదర్శించడానికి పెద్ద థియేటర్ సంస్థలు నిరాకరించాయని దర్శకుడే ప్రకటించాడు. నేరం, వ్యాధి, చావు – ఈ మూడే ఆ ప్రేమకు మనమిచ్చిన చోట్లు. నాలుగవ చోటు, అంటే నలుగురి మధ్య మామూలు బతుకు, ఖాళీగానే వుంది.

దాన్ని నింపడానికి కావలసిన సామగ్రి మన దగ్గర లేదా? పెళ్ళిళ్ళ పేరయ్యలున్నారు. కార్తీక వనభోజనాల్లో పెళ్ళికాని పిల్లల లెక్కలు తీసే పెద్దమ్మలున్నారు. సంబంధం చూసిరావడానికి బస్సెక్కి, వంక పెట్టడానికి ముందే సిద్ధమై వెళ్ళే బాబాయిలున్నారు. గురజాడనుంచి చక్రపాణిదాకా దొంగపెళ్ళిని నడిపించిన భాష వుంది. లేనిదల్లా, చివరిదాకా నిలబడే ధైర్యం. రచయితలకు నేను చేసే మనవి ఒక్కటే. ఇద్దరు స్త్రీల ప్రేమను రాయదలచుకుంటే వారిని చంపి గొప్పవాళ్ళను చెయ్యకండి. వారికి ఒక వాటా ఇల్లు, ఒక గయ్యాళి ఇంటి యజమానురాలు, నెలాఖరు ఇబ్బంది, ఒక అలక, ఒక రాజీ ఇవ్వండి. నవ్వు వారిమీదికి గాక వారి చుట్టూ వున్న అబద్ధాలమీదికి తిప్పండి. ముగింపు వచ్చేసరికి, ఇచ్చినదాన్ని తిరిగి తీసుకోకండి.

విమర్శకులకు కూడా ఒక మాట. అటువంటి కథ ఏదైనా వస్తే, కన్నీళ్ళు లేవని దాన్ని పక్కన పెట్టకండి. అందులో శృంగారం ఎక్కడ వుందో, అనుకరణ ఎక్కడ వుందో అడగండి. దాని పక్షం ఏదో అప్పుడు తెలుస్తుంది.